సంరక్షణ ప్రణాళిక రికార్డులు, ఆరోగ్య సమాచార కార్యాలయ అవసరాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు

రోగికి ఇప్పుడున్న ఇబ్బంది ఏమిటి, దానికి ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేశాక ఏమైంది: ఈ నాలుగు ప్రశ్నలకు రాతలో ఉండే జవాబే సంరక్షణ ప్రణాళిక రికార్డు. ఆసుపత్రి మంచం దగ్గర అది కేస్ షీట్. గర్భిణి చేతిలో తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. క్షయ రోగికి చికిత్స కార్డు. వైద్యుడు రాసిచ్చిన డిశ్చార్జి కాగితమూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) నుంచి పెద్దాసుపత్రికి పంపే రెఫరల్ చీటీ కూడా ఈ కుటుంబానికి చెందినవే. వీటిని ఎలా రాయాలి, ఎలా వర్గీకరించాలి, ఎక్కడ దాచాలి, ఏ పరికరాలతో నడపాలి అని ఆసుపత్రులకూ జిల్లా యంత్రాంగానికీ చెప్పేవారు ఆరోగ్య సమాచార సలహాదారులు. మెడికల్ రికార్డ్స్ ఆఫీసర్, డేటా మేనేజర్, కార్యక్రమ సలహాదారు అని ఉద్యోగం పేరు మారవచ్చు. పని మాత్రం ఒకటే.

ఈ కార్యాలయాలకు ఏయే పరికరాలు కావాలని అడిగితే చాలామంది కంప్యూటర్ దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది రికార్డు నడిచే దారి దగ్గర. ఒకరు రాసింది ఆ తర్వాత రోగిని చూసే మనిషి చేతికి అంది, ఆ మనిషికి అర్థమైతేనే అది సంరక్షణకు పనికొస్తుంది. అందకపోతే ఎంత చక్కగా రాసినా, ఎంత ఖరీదైన యంత్రంలో దాచినా అది లెక్కల కోసం మిగిలిన కాగితమే. పాత వరంగల్ జిల్లా నుంచి పుట్టిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల భూగోళం, ఆరోగ్య వ్యవస్థ ఈ మాటను స్పష్టంగా రుజువు చేస్తాయి.

మూడు జిల్లాలు, రికార్డు నడిచే దారులు

2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు ఈ మూడూ వేరు జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. అంటే ఏటూరునాగారంలో ఇల్లు కదలకుండా ఉన్న మనిషి మూడేళ్లు నిండకముందే వరంగల్, భూపాలపల్లి, ములుగు అనే మూడు జిల్లాల వాడయ్యాడు. గడప మారలేదు, ఒంట్లో జబ్బు మారలేదు, చిరునామాలో జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది. రికార్డును జిల్లా పేరుతోనో మండలం పేరుతోనో వెతికే పద్ధతి ఎంత బలహీనమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. రికార్డు మనిషిని అంటిపెట్టుకుని ఉండాలి.

జనగామ హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి మీద, రైలు మార్గం మీద ఉంది. ఇక్కడి రోగికి పెద్ద జబ్బు వస్తే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లవచ్చు, సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికీ వెళ్లవచ్చు. మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఉంది కనుక ఒకే కుటుంబం ఒకసారి వరంగల్, మరోసారి ఖమ్మం వైపు వెళ్లడం సహజం. కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల నుంచి జిల్లా కేంద్రానికి రావడమే ఒక ప్రయాణం. భూపాలపల్లిది మరో తీరు. సింగరేణి బొగ్గు గని కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉంటుంది. అదే పట్టణంలో పక్కింటి రోజుకూలీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళతాడు. పక్కపక్క గుమ్మాల్లో రెండు రికార్డు వ్యవస్థలు నడుస్తాయి. మహాదేవపూర్, పలిమెల మండలాలు గోదావరి ఒడ్డున ఉన్నాయి. కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. నది దాటిన రోగి చీటీ మరో రాష్ట్రపు వ్యవస్థలోకి, మరో భాషలోకి వెళుతుంది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. వైద్యం దగ్గరికి వచ్చింది. దానితోపాటు ఒక రోగిని చూసే చేతుల సంఖ్యా పెరిగింది. బోధనాసుపత్రిలో ఉదయం చూసిన వైద్యుడు రాత్రి ఉండకపోవచ్చు. ఒక విభాగం నుంచి మరో విభాగానికి, షిఫ్టు నుంచి షిఫ్టుకు, అక్కడి నుంచి ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు బాధ్యత మారుతుంది. చేతులు మారే ప్రతి చోటా మాట జారిపోయే ప్రమాదం ఉంది. అక్కడ కాపాడేది రాత ఒక్కటే.

మనిషిని గుర్తుపట్టడం మరో చిక్కు. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. లంబాడీ తండాల్లో బానోతు, భూక్య, ధరావత్, గుగులోత్ వంటి ఇంటి పేర్లు చాలా కుటుంబాలకు ఉమ్మడివి. ఒకే తండాలో ఒకే ఇంటి పేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు మహిళలు ఉండటం వింత కాదు. ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కించేటప్పుడు ఆ పేరు ఒక్కో చోట ఒక్కో తీరుగా మారుతుంది. పేరుతోపాటు పుట్టిన తేదీ లేదా వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఆవాసం పేరు, ఫోన్ నంబరు, ఒక శాశ్వత సంఖ్య రాయకపోతే ఒకరి రక్తపరీక్ష మరొకరి ఖాతాలో చేరుతుంది.

రాత వైద్యంలో భాగమైన తీరు

రోగి గురించి రాసిపెట్టడం పాత అలవాటే. రాతను ప్రణాళికగా మార్చడం మాత్రం ఆధునిక కాలపు పని. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లో ప్రచురించిన వ్యాసంలో కేస్ షీట్‌ను రోగి సమస్యల వరుసలో రాయాలని ప్రతిపాదించాడు. రోగి చెప్పినది, వైద్యుడు పరీక్షించి చూసినది, వాటిని బట్టి తేల్చినది, ఇక చేయవలసినది అనే నాలుగు భాగాల పద్ధతి అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. దీనివల్ల మొదటిసారి రోగిని చూస్తున్న వైద్యుడికి కూడా ముందు వైద్యుడి ఆలోచన తెలుస్తుంది. నర్సింగ్‌లో అంచనా, లక్ష్యం, చర్య, సమీక్ష అనే వరుస కూడా ఇదే ఉద్దేశంతో వచ్చింది. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు పగటి నర్సును ఫోన్‌లో వెతకకుండా పని కొనసాగించగలగాలి.

ఇంకో మార్పు రోగి చేతికే రికార్డు ఇవ్వడం. జపాన్ 1948 నుంచి తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకాన్ని తల్లుల చేతికి ఇస్తోంది. బ్రిటిష్ శిశువైద్యుడు డేవిడ్ మోర్లీ నైజీరియా పల్లెల్లో పనిచేస్తూ, బిడ్డ ఎదుగుదల గీతను చూపే కార్డును రూపొందించి ఇంటి దగ్గరే ఉంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మన దేశంలో ఆరోగ్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు కలిసి 2010లో తల్లీబిడ్డల సంరక్షణ కార్డును ప్రవేశపెట్టాయి. గర్భిణి పరీక్షలు, టీకాలు, బిడ్డ బరువు, ప్రమాద సూచనలు అన్నీ ఒకే చోట ఉండే ఈ కార్డు మన పల్లెలకు బాగా పరిచయమైన సంరక్షణ ప్రణాళిక. దాన్ని ఆశ కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్ఎం, వైద్యుడు నలుగురూ చదువుతారు. తల్లి కూడా చదువుతుంది. జబ్బుల రికార్డులకూ ఇదే నమూనా కావాలి.

పైకి వెళ్లే సమాచారం, కిందికి రాని ప్రణాళిక

గత రెండు దశాబ్దాల్లో ఆరోగ్య సమాచారం వేగంగా కంప్యూటర్‌లోకి చేరింది. 2008లో ఆరోగ్య నిర్వహణ సమాచార వ్యవస్థ, 2009లో తల్లీబిడ్డల ట్రాకింగ్ వ్యవస్థ, 2012లో క్షయ రోగుల కోసం నిక్షయ్, 2016లో ఏఎన్ఎంల ట్యాబ్‌లో నడిచే అన్‌మోల్ యాప్ వచ్చాయి. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం ఆడబిడ్డ పుడితే 13,000, మగబిడ్డ పుడితే 12,000 రూపాయలను విడతలుగా ఇచ్చింది. పరీక్షలు, ప్రసవం, టీకాల నమోదుతో ఆ విడతలను ముడిపెట్టింది. 2021 జూన్‌లో తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ప్రయోగశాలలు ఒకేసారి ప్రారంభమైన 19 జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్ ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తమై, 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య (ఆభా) అందుబాటులోకి వచ్చింది. 2022 మార్చిలో తెలంగాణ హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమాన్ని రాజన్న సిరిసిల్లతోపాటు, అంతకు మూడేళ్ల ముందు వరకు భూపాలపల్లిలో భాగమైన ములుగులోనే మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ వంటివి చూసి ప్రతి మనిషికీ ఆరోగ్య వివరాలు సిద్ధం చేయడం దాని ఉద్దేశం.

ఇవన్నీ అవసరమైన అడుగులే. గర్భిణుల సంఖ్య తెలియకపోతే మందులు ఎన్ని పంపాలో తెలియదు. అయితే ఈ వ్యవస్థల్లో ఎక్కువ భాగం లెక్కను కింది నుంచి పైకి పంపడానికి కట్టినవి. సబ్ సెంటర్ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి ఢిల్లీకి సమాచారం తారు రోడ్డు మీద వెళుతుంది. ఎంజీఎంలో గుండె చికిత్స చేయించుకున్న కొడకండ్ల రైతు ఇంటికి చేరాక ఏ మందు ఎన్నాళ్లు వాడాలి, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి అన్న సమాచారం మాత్రం కాలిబాటన నడుస్తుంది. చాలాసార్లు అది రోగి పట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్‌లోనే వస్తుంది. ఆ కవర్ విప్పి, కాగితాలు వరుసగా పేర్చి, ఏది ముందు ఏది వెనుక అని చూసుకోవడంతోనే వైద్యుడి సమయం కరిగిపోతుంది.

పేదల చికిత్స ఖర్చును ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ అనుభవం ఇక్కడ ఒక పాఠం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకంలో చికిత్సకు ముందస్తు అనుమతి కావాలంటే ఆసుపత్రి పత్రాలు, పరీక్షల ఫలితాలు ఆన్‌లైన్‌లో పంపాలి. రోగికి తోడుగా ఆరోగ్యమిత్రలను నియమించారు. మన ఆసుపత్రులకు కంప్యూటర్ రికార్డు చేతకాదు అనే మాట ఆనాడే తప్పని తేలింది. కారణం స్పష్టం. రికార్డు పంపితేనే డబ్బు వస్తుంది, పైగా పంపించే పనికి మనిషి ఉన్నాడు. ఊళ్లోని ఏఎన్ఎంకు డిశ్చార్జి ప్రణాళిక పంపడానికీ ఇలాగే ఒక నియమం, ఒక బాధ్యుడు ఉంటే ఆ పనీ జరుగుతుంది.

నాలుగు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: అంతా ఫోన్‌లోకి వస్తున్నప్పుడు ఇంకా కాగితం ఎందుకు? ఆభా సంఖ్యతో అన్ని ఆసుపత్రుల రికార్డులూ కలిసే రోజు రావాలి. ఆ రోజు వచ్చేలోగా రోగి జబ్బు ఆగదు. సిగ్నల్ అందని అటవీ గ్రామంలో, ఇంటికి ఒక్కటే ఫోన్ ఉండి అది కొడుకు జేబులో పట్నం వెళ్లినప్పుడు, వృద్ధురాలి చేతిలో ఏముంటుంది? అన్‌మోల్ యాప్‌ను నెట్ లేకపోయినా పనిచేసేలా తయారు చేయడంలోనే ఈ వాస్తవాన్ని అంగీకరించడం ఉంది. కాబట్టి కంప్యూటర్‌లో ఉన్నదాని సారాంశం ఒక పేజీలో, తెలుగులో, రోగి చేతిలోనూ ఉండాలి.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది: కాగితం చిరుగుతుంది, తడుస్తుంది, పోతుంది. ఇది నిజం. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు ప్రజలను హెలికాప్టర్లతో, పడవలతో కాపాడారు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని సీతారాం తండా నీట మునిగింది. కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ప్రాణాలు దక్కించుకుని ఇంటి కప్పులెక్కిన మనుషులు షుగర్ పుస్తకం తెచ్చుకోలేదని అనడం అన్యాయం. అలాంటి రోజున ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉన్న నకలే ప్రాణాధారం. ఆ వరదే కరెంటును, సెల్ టవర్‌ను ఆపేస్తే గట్టి కవర్‌లో ఉన్న కార్డు ప్రాణాధారం. రెండూ ఒకేసారి పోయే అవకాశం తక్కువ. అందుకే రెండు ప్రతులు రెండు చోట్ల, రెండు రూపాల్లో ఉండాలి.

మూడో అభ్యంతరం పనిభారానిది. ఏఎన్ఎం రిజిస్టర్‌లో రాసి, ట్యాబ్‌లో ఎక్కించి, నెలవారీ నివేదిక విడిగా తయారు చేయాలి. ఇంకో కార్డు రాయమంటే రోగిని చూసేదెప్పుడు? ఈ అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది, న్యాయమైనది. దీనికి జవాబు కొత్త కాగితం చేర్చడంలో లేదు, పాతవి తగ్గించడంలో ఉంది. ఒకసారి రాసిన వివరం రెండోసారి రాయించకూడదు. ట్యాబ్‌లో ఎక్కించినదే ముద్రణై రోగి కార్డు కావాలి, అదే నెలవారీ లెక్కగా దానంతట అదే కూడాలి. సలహాదారు తన మొదటి నెలంతా ఏ వివరం ఎన్నిచోట్ల రాస్తున్నారో లెక్కపెట్టి, పనికిరాని రిజిస్టర్లను మూయించడానికి అధికారుల అనుమతి తెస్తే, ఆ సేవ ఏ యంత్రం చేసే సేవకూ తీసిపోదు.

నాలుగోది: చదువురాని రోగికి కాగితం ఎందుకు? ఆ కాగితం చదవవలసింది రోగి ఒక్కడే అయితే ఈ ప్రశ్న నిలుస్తుంది. బడికెళ్లే మనవరాలు చదువుతుంది, ఆశ కార్యకర్త చదువుతుంది, మందుల షాపు అతను చదువుతాడు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మాత్రలను సూర్యుడి, చంద్రుడి బొమ్మలతో చూపితే చదువురాని మనిషికీ అందుతుంది. కోయ, లంబాడీ భాషలు మాట్లాడే ఇళ్లలో బొమ్మల అవసరం ఇంకా ఎక్కువ.

కార్యాలయానికి కావలసినవి

రికార్డు నడిచే దారి తెలిశాక పరికరాల జాబితా సులువవుతుంది. మొదట భద్రత. తాళం పడే ఇనుప బీరువాలు, నేలకు ఆనకుండా ఎత్తులో అమర్చిన ఇనుప ర్యాకులు, చెదలకు మందు, తేమ రాని గది, మంటలార్పే సిలిండర్ కావాలి. వాగుల పక్కనున్న మండలాల్లో రికార్డు గది కింది అంతస్తులో ఉండకూడదు. కేస్ షీట్లను తేదీ వరుసలో కన్నా శాశ్వత సంఖ్య వరుసలో పేర్చాలి. బయటికి తీసిన ఫైలు స్థానంలో ఎవరు తీశారో, ఏ తేదీన తీశారో రాసిన అట్టముక్క పెట్టాలి. ఖర్చు దాదాపు లేని ఈ అట్టముక్క పోయిన ఫైళ్లను వెతికే శ్రమను తప్పిస్తుంది.

తర్వాత కరెంటు, యంత్రాలు. కంప్యూటర్‌కు యూపీఎస్, గదికి ఇన్వర్టర్, వోల్టేజీ హెచ్చుతగ్గులను తట్టుకునే రక్షణ లేకుండా ఏ యంత్రాన్నీ కొనకూడదు. ఇంటర్నెట్‌కు రెండు దారులుండాలి: ఒకటి కేబుల్, రెండోది మరో కంపెనీ సిమ్‌తో నడిచే డాంగిల్. రోజూ సాయంత్రం రికార్డుల ప్రతిని సంకేత రక్షణ ఉన్న విడి డిస్కులోకి తీసి మరో భవనంలో ఉంచాలి. రెండువైపులా పేజీలను వరుసగా లాగే స్కానర్ ఉంటే పాత కేస్ షీట్లను ఎక్కించవచ్చు. రోగికి ఇచ్చే కాగితానికి లేజర్ ప్రింటర్ వాడాలి. రసీదుల్లా వేడికి ముద్రపడే థర్మల్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఎండలో ఇంకా త్వరగా తెల్లబడుతుంది. ఏడాది పాటు దాచుకోవలసిన మందుల చీటీని దాని మీద ముద్రించడం డబ్బు ఆదా అనిపించినా రోగికి నష్టం. పేరు, సంఖ్య ఉన్న అంటుకునే లేబుళ్లు ముద్రించే చిన్న యంత్రం, వాటిని చదివే స్కానర్ ఉంటే ఇంటి పేర్ల చిక్కు చాలావరకు తీరుతుంది. తెలుగు యూనికోడ్‌లో టైపు చేసే సౌకర్యం ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండాలి.

చివరిగా మనిషికి కావలసినవి. రోజంతా తెర ముందు కూర్చునే వారికి నడుముకు ఆసరా ఇచ్చే కుర్చీ, సరైన ఎత్తులో బల్ల, కళ్లకు చాలినంత వెలుతురు విలాసం కాదు. అలసిన చేయి తప్పు అంకె కొడుతుంది. మందు మోతాదులో ఒక సున్నా ఎక్కువైతే ఏమవుతుందో వివరించనక్కరలేదు. యంత్రం చెడితే ఎవరిని పిలవాలో, ఎన్ని రోజుల్లో బాగుచేయాలో కొనుగోలు ఒప్పందంలోనే రాయించాలి. బాగుచేసే మనిషి దొరకని యంత్రం మారుమూల మండలంలో అలంకారంగా మిగులుతుంది. ఖర్చుకు డబ్బు పరిమితమైనప్పుడు కొనే వరుస ఇది: బీరువా, కరెంటు రక్షణ, ప్రింటర్, ఒక మంచి కంప్యూటర్, ఆ తర్వాతే మిగతావి.

గోప్యత, చట్టం

వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ఇంకా ముందుకెళ్లి, మనిషి బతికున్నంత కాలం రికార్డును నాశనం చేయకూడదని చెబుతున్నాయి. బాల్యంలో మొదలయ్యే సికిల్ సెల్, తలసేమియా వంటి జబ్బులకు 3 ఏళ్ల గడువు ఏ మూలకూ చాలదు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ అమలవుతున్న 17 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏజెన్సీ మండలాల్లో పరీక్ష చేయించుకున్న పిల్ల పెళ్లీడుకు వచ్చినప్పుడు కూడా ఆ ఫలితం దొరకాలి. కాబట్టి ఈ జిల్లాల కార్యాలయాలు జీవితకాల నియమాన్నే పాటించడం మంచిది.

దాచడం ఎంత ముఖ్యమో, చూడకూడని వారి కంటపడకుండా ఉంచడమూ అంతే ముఖ్యం. గర్భస్రావం నమోదు పుస్తకాన్ని చట్టం రహస్య పత్రంగా పరిగణిస్తుంది. 2017 నాటి హెచ్ఐవీ, మానసిక ఆరోగ్య చట్టాలు రోగి వివరాలకు రక్షణ ఇస్తున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారం సేకరించే ప్రతి సంస్థపైనా బాధ్యత పెట్టింది. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లో ఒక మాట బయటపడితే పెళ్లి ఆగుతుంది, పని పోతుంది. అందుకే ఒకే పాస్‌వర్డ్‌ను కార్యాలయమంతా వాడటం, రోగుల కాగితాలను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం పూర్తిగా ఆగాలి. ఇంటికిచ్చే కార్డు మీద కూడా సున్నితమైన జబ్బు పేరు బదులు వైద్యుడికి తెలిసే సంకేతం రాయాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో వైద్య కళాశాలలున్నాయి, పీహెచ్‌సీలున్నాయి, ఇంటింటి గడప ఎరిగిన ఆశ కార్యకర్తలున్నారు. లోపం వీళ్ల మధ్య నడిచే రాతలో ఉంది. జిల్లా అధికారులు, కళాశాలలు, సలహాదారులు ముందుగా ఒక్క పని చేపట్టాలి: ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే ప్రతి రోగి చేతిలో తెలుగులో ముద్రించిన ఒక పేజీ ప్రణాళిక, దాని ప్రతి ఆ ఊరి ఏఎన్ఎం ట్యాబ్‌లో ఉండాలి. పాఠకులు కూడా తమ ఇంట్లో దీర్ఘకాలిక జబ్బున్న వారి కాగితాలను తేదీ వరుసలో పేర్చి, వాడే మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు ఒక పేజీ మీద రాసి, నీళ్లు దూరని కవర్‌లో ఉంచుకోవాలి. డిశ్చార్జి రోజున మీ రికార్డు ప్రతిని అడిగి తీసుకోండి. అది మీ హక్కు.